కడబంతి



గడచిన మాసమున మజ్జిగను గూర్చి మేము వ్రాసినదానిని చదివి పలువురు జాబులు వ్రాసిరి. అందొక జాబునకు నాలుగు ముక్కలలో బదులు వ్రాసి యూరకుండుట మాకు సాధ్యము కాలేదు. ఆ సోదరి యడిగినది యిది: "పీచు మన కడుపున జీర్ణము కాదని వైద్యులే చెప్పుదురు. అట్టి పీచును నిత్యము తినుమని మఱల వారే చెప్పుదురు. జీర్ణము కానిదానిని తినుట యెందులకు? మలబద్ధకము లేనివారికి దానితో పనియేమి?"

ప్రశ్న న్యాయమైనది. పీచు అనగా కడుపును ఊడ్చు చీపురుకట్ట యని మాత్రమే మన యిండ్లలో అనుకొందురు. చాలకాలము వైద్యులు మనతో చెప్పినదియు ఇంచుమించుగా అంతియే. కాని ఆ సోదరి ప్రశ్నకు అసలు సమాధానము వేఱుగా నున్నది. పీచు మనకు జీర్ణము కాదనుట నిజమే. అది మనకొఱకు వడ్డించిన వడ్డనయే కాదు. మన లోపల కడబంతిలో కూర్చుండి యెదురుచూచు వారి భోజనమది.

పెండ్లిపందిరిలో బంతులు సాగు తీరు మనమందఱము ఎఱిగినదే. మొదటి బంతివారికి పదార్థములన్నియు పొగలు గ్రక్కుచు వచ్చును. కడబంతి వేళకు గంగాళముల అడుగున మిగిలినదే వచ్చును. మన కడుపులోను ఇట్లే జరుగును. నోరు, జీర్ణాశయము, చిన్నప్రేగు, ఇవి మొదటి బంతి. చిన్నప్రేగు సుమారు 20 అడుగుల పొడవు. తెల్లని యన్నములోని పిండిని చక్కెరగా విఱిచి, నేతిని కరగించి, పప్పులోని మాంసకృత్తులను విడదీసి, కొలది గంటలలో అన్నిటిని రక్తములోనికి పంపివేయును. దానికి చిక్కని పదార్థము మాత్రము పెద్దప్రేగునకు పోవును. పెద్దప్రేగు 5 అడుగులే యైనను అందు పదార్థము ఒక దినమో, అంతకు మించియో నిలుచును. అక్కడ కూర్చున్నదే కడబంతి.

ఆ బంతిలోనివారు కంటికి కానరాని సూక్ష్మజీవులు. వారి సంఖ్యను ఇజ్రాయెలు దేశమున రాన్ మిలో మొదలగు వైజ్ఞానికులు 2016 లో లెక్కగట్టిరి. ఒక్క మనుష్యుని దేహమున సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లు. ఆ దేహమును కట్టిన కణములు సుమారు 30 లక్షల కోట్లు. అన్నిటిని కలిపి తూచినను ఆ జీవుల బరువు 200 గ్రాములకు అటునిటుగా మాత్రమే యుండును. వీనిలో అత్యధికభాగము నివసించునది పెద్దప్రేగునందే. సూక్ష్మజీవి యన్నంతనే రోగము జ్ఞప్తికి వచ్చుట మనకు అలవాటు. కాని వీనిలో చాలభాగము రోగకారకములు కావు; పెరుగును తోడుకొలుపు జీవులకు దాయాదుల వంటివి.

పిండిపదార్థములను విఱుచుటకు మన దేహము తనంతట తాను తయారుచేసికొను పాచకద్రవ్యములు 20 రకములకు మించవు. కడబంతివారికి అట్టివి వేలకొలది కలవు. గింజల పొట్టు, ఆకుల ఈనెలు, పప్పులలో దాగిన జటిలమైన చక్కెరలు, పండ్లలోని జిగురు, వీనిని మన ప్రేగు ముట్టజాలదు. ఆ జీవులు ముట్టగలవు. రుబ్బి మూతపెట్టిన ఇడ్లీపిండి తెల్లవాఱుసరికి పొంగి పులియుటను మనము చూచుచునే యున్నాము. గాలి చొరని పెద్దప్రేగులో పీచు ఆ తీరుననే పులియును. పులియుటవలన కొంత వాయువు పుట్టును. దానితోడనే మూడు ఆమ్లములు పుట్టును. వానికి ఎసిటేట్, ప్రొపియొనేట్, బ్యూటిరేట్ అని పేర్లు.

ఈ మూడవదానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. బ్యూటిరేట్ అను పేరునకు మూలము లాటిను భాషలో వెన్నను చెప్పు పదము. చెడిన వెన్నకు వచ్చు ఘాటైన వాసన యీ యామ్లముదే. వాసన యెట్టిదైనను దీని గుణము గొప్పది. పెద్దప్రేగు గోడనున్న కణములు తమకు కావలసిన శక్తిలో నూటికి సుమారు 70 పాళ్లు దీనినుండియే పొందును. దేహమునందలి తక్కిన కణములు రక్తము మోసికొనివచ్చు ఆహారముమీద బ్రదుకుచుండగా, ఈ గోడ మాత్రము తన యింట బంతి కూర్చున్న యతిథులు వండిపెట్టినదానిని తిని బ్రదుకుచున్నది. అంతేకాక యీ యామ్లములు పెద్దప్రేగున పులుపును పెంచి కొన్ని రోగకారకజీవులకు అక్కడ నిలువ నీడలేకుండ జేయును.

గృహస్థు నిత్యము చేయవలసిన ఐదు యజ్ఞములలో భూతయజ్ఞమొకటి. తాను తినుటకు ముందు కాకికి, చీమకు, కుక్కకు ఒక ముద్ద తీసిపెట్టుట దాని యాచారము. ఈ లోపలి జీవులనుగూర్చి చదువునపుడు మాకు ఆ ముద్దయే జ్ఞప్తికి వచ్చినది. పూర్వులకు ఇదియంతయు ముందే తెలిసియుండెనని కొందఱు ఉత్సాహపరులు చెప్పవచ్చును, మేమట్లు చెప్పము. సూక్ష్మదర్శిని లేనినాడు ఈ జీవులను చూచినవారు లేరు. మన భోజనములో మనది కాని పాలు ఒకటి యుండవలెనను భావము మాత్రము మనకు క్రొత్తది కాదు.

కడబంతివారికి ఏమియు మిగులకున్న నేమగును? పాలిషుపట్టిన బియ్యము, మైదా, చక్కెర, నూనె, వీనితోనే దినము గడచినచో మొదటి బంతియే సర్వమును ఆరగించును. అప్పుడు లోపలివారు పస్తుండి ఊరకుందురా? మిషిగన్ విశ్వవిద్యాలయపు ఎరిక్ మార్టెన్స్, లక్సెంబర్గ్ దేశమున పరిశోధనచేయు మహేశ్ దేశాయి మొదలగువారు 2016 లో దీనికి సమాధానమును ప్రకటించిరి. ఏ సూక్ష్మజీవియు లేకుండ పెంచిన ఎలుకల ప్రేగులలో మనుష్యులలో నుండు 14 జాతుల జీవులను వారు ప్రవేశపెట్టిరి. కొన్నిటికి పీచుగల యాహారము, కొన్నిటికి పీచు బొత్తిగా లేని యాహారము పెట్టిరి. పెద్దప్రేగు గోడపై సహజముగా జిగురుపొర యొకటి యుండును. లోపలి జీవులు గోడను తాకకుండ అది కాపాడును. పీచు దొరకని ఎలుకలలో ఆ జీవులు ఆ పొరనే తినజొచ్చెను. పొర పలుచనయ్యెను. తరువాత ఎలుకలకు ప్రేగువ్యాధిని తెచ్చు క్రిమిని ప్రవేశపెట్టగా, పీచు తినిన ఎలుకలు తట్టుకొనెను. పీచు లేని ఎలుకలకు అది ప్రాణాంతకమయ్యెను. ఆకలిగొన్న యతిథి ఇంటి గోడను తినిన కథ యిది.

ఆ పరిశోధనలో మఱియొక విశేషము కలదు. ఒకనాడు పీచు పెట్టి మఱునాడు మానుచు వచ్చిన ఎలుకలలోను పొర కొంత తఱిగెను. ఆదివారమున కొఱ్ఱన్నము వండి, తక్కిన ఆరు దినములు మఱచుట మన యిండ్లలో ఇప్పుడు తఱచుగా జరుగుచున్నది గావున దీనిని ప్రత్యేకముగా చెప్పుచున్నాము.

ఎలుకల కథ మనుష్యులకు చెల్లునా యని సందేహము కలుగుట సహజము. మనుష్యులవిషయమున ఈ మాటను మొదట గట్టిగా లేవనెత్తినవారిలో డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు ముఖ్యుడు. ఆయన ఐర్లండులో 1911 లో జన్మించి, ఆఫ్రికాలోని ఉగాండాలో చాలకాలము పనిచేసెను. తన దేశమున నిత్యము చూచు పెద్దప్రేగు వ్యాధులు ఆఫ్రికా పల్లెలలో అరుదుగా నుండుట గమనించి, అక్కడివారు తిను మోటు ధాన్యములు, చిక్కుడుజాతి గింజలు, దుంపలు ఇందుకు కారణమని 1970 ప్రాంతమునుండి చాటుచు వచ్చెను. ఆయన దృష్టి ముఖ్యముగా మలము యొక్క పరిమాణముమీదను, అది త్వరగా వెడలుటమీదను నిలిచినది. అందుచే పలువురు నవ్విరని చెప్పుదురు.

బర్కిట్ ఊహను పరీక్షకు పెట్టినవాడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు స్టీఫెన్ ఓకీఫ్. 2015 లో ప్రకటింపబడిన ఆ పరిశోధనను మేము చదివిన వానిలో మిక్కిలి ఆసక్తికరమైనదిగా నెంచుచున్నాము. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున ఆఫ్రికా సంతతివారైన 20 మందిని, దక్షిణాఫ్రికా పల్లెలలోని 20 మందిని ఎన్నుకొనిరి. పూర్వుల గడ్డ యొక్కటే, అన్నము వేఱు. పిట్స్‌బర్గ్‌వంటి నగరములలోని ఆ జనులలో లక్షమందిలో ఏటేట 65 మందికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చుచుండగా, ఆ దక్షిణాఫ్రికా పల్లెజనులలో 5 మందికైనను వచ్చుట లేదని అప్పటి లెక్క. రెండు వారములపాటు వీరి భోజనమును వారికి, వారి భోజనమును వీరికి పెట్టిరి. పల్లెవారికి మాంసపు వేపుళ్లు, నూనెలో వేచిన బంగాళాదుంపలు. నగరమువారికి మొక్కజొన్న సంకటివంటి భోజనము, చిక్కుడుగింజలు, పండ్లు. నగరమువారు దినమునకు తిను పీచు 14 గ్రాములనుండి 55 గ్రాములకు పెరిగెను. పల్లెవారిది 66 గ్రాములనుండి 12 గ్రాములకు పడిపోయెను.

14 దినములలోనే రెండు పక్షములవారి లోపలి బంతులు తాఱుమాఱయ్యెను. నగరమువారి ప్రేగులలో బ్యూటిరేట్ పుట్టుక రెండున్నర రెట్లు పెరిగెను. పల్లెవారిలో సగమునకు తగ్గెను. ప్రేగు గోడలో వాపును, క్యాన్సరు ప్రమాదమును సూచించు గుర్తులు ఒకరిలో తగ్గగా మఱియొకరిలో పెరిగెను. రెండు వారములలో ఎవరికిని క్యాన్సరు రాలేదు, ఎవరికిని పోలేదు. ఆ గుర్తులు మాత్రమే మాఱినవి. మఱియు మాఱినది పీచు ఒక్కటియే కాదు. కొవ్వు, మాంసము కూడ మాఱినవి. కావున ఫలమంతయు పీచుదే యనుట న్యాయము కాదు. అయినను అర్ధమాసములో ఇంత మార్పు కలుగుట మాకు ధైర్యమును, భయమును కూడ కలిగించినది.

ఇక తల్లులైన సోదరీమణులు ప్రత్యేకముగా చదువవలసిన విషయము. బిడ్డ తన కడబంతివారిలో పలువురిని తల్లినుండియే పొందును. ప్రసవకాలమునను, ఎత్తుకొని లాలించునపుడును ఆ జీవులు బిడ్డను చేరును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జస్టిన్ సోనెన్‌బర్గ్, ఎరికా సోనెన్‌బర్గ్ దంపతులు మొదలగువారు మనుష్యుల జీవులను ఎలుకలకిచ్చి, వానికి పీచు తక్కువైన యాహారమును నాలుగు తరములపాటు పెట్టి చూచిరి. ఒక తరముననే అయినచో, మఱల పీచు పెట్టగా కనుమఱుగైన జాతులు చాలవఱకు తిరిగి కనబడెను. కాని తరము తరమునకు తల్లినుండి పిల్లకు చేరు జాతులు తఱుగుచు వచ్చెను. నాలుగవ తరమున ఎంత పీచు పెట్టినను పోయినవి తిరిగి రాలేదు. అవి ఆ వంశమునుండియే పోయినవి. వేఱొక ఎలుకనుండి ఆ జీవులను తెచ్చి ప్రవేశపెట్టిన పిమ్మటనే అవి మఱల కుదురుకొనెను. 2016 లో ప్రకటింపబడిన యీ ఫలితము పంజరములలోని ఎలుకలది. మన పిల్లలు మట్టిలో ఆడుదురు, పదిమంది యిండ్లలో తిరుగుదురు. వారికి పోయినది వేఱొకచోటనుండి దొరకవచ్చును. అయినను నగలు, చీరలు మాత్రమే తల్లినుండి కూతురికి పోవునని ఇకమీద అనుకొనజాలము.

ప్రశ్నవేసిన సోదరికి మేమొక ఎదురుప్రశ్న వేయుదుము. తల్లిపాలలో నీటిని విడిచినచో, పాలచక్కెర, కొవ్వు తరువాత హెచ్చుగా నున్నదేమి? ఒక విధమైన జటిలపు చక్కెరలు. ఇవి నూటికి పైబడిన రకములు కలవు. చంటిబిడ్డ వీనిలో దేనిని జీర్ణించుకొనజాలదు. తన దేహమును కరగించి పాలుగా నిచ్చు తల్లి, బిడ్డకు అక్కఱకురాని పదార్థమును అంత హెచ్చుగా ఏల చేయుచున్నది? అవి బిడ్డ ప్రేగులోని బైఫిడోబాక్టీరియములను జీవులకొఱకు. వానిని తిని ఆ జీవులు వృద్ధిపొంది, బిడ్డ కడుపున చెడ్డజీవులకు చోటు లేకుండ జేయును. మొదటి గ్రుక్కలోనే బిడ్డకు ఒక పాలు, బిడ్డలోని బంతికి ఒక పాలు ప్రకృతి వడ్డించినది. జీర్ణము కానిదానిని తినుట యెందులకను ప్రశ్నకు ఇంతకు మించిన సమాధానము మాకు తోచదు.

వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను ఒకటే యని సామెత. ఈ కడబంతికి వడ్డించు గరిటె మన చేతిలోనే యున్నది. కాని మన యిండ్లలో నిజమైన కడబంతి యొకటి కలదు, అది గృహిణిది. భర్తకు, పిల్లలకు, అత్తమామలకు పెట్టినపిమ్మట కూర చట్టి అడుగంటును. పప్పు గరిటెడుండును. అప్పుడామె మిగిలిన యన్నములో ఇంత ఊరగాయ, ఇంత మజ్జిగ పోసికొని లేచును. కూరలోను పప్పులోను ఉన్న పీచు మొదటి బంతులకే పోయినది. ఆమెకు దక్కినది తెల్లని యన్నము. మలబద్ధకమునుగూర్చి మాకు వచ్చు జాబులలో హెచ్చుపాలు స్త్రీలవే, అందును గర్భిణులవే. గర్భముతోనున్నపుడు ప్రేగుల కదలిక సహజముగనే మందగించును. ఆ నెలలలోనైనను ఆమె వంతు కూరను వడ్డనకు ముందే వేఱు గిన్నెలో తీసియుంచుట మంచిది. దీనికి అత్తగారు పూనుకొనినచో కోడలు అడుగవలసిన పని యుండదు.

ఎంత పీచు కావలెనను ప్రశ్నకు హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2020 లో చెప్పినది, 2000 కేలరీల యాహారమునకు 30 గ్రాములు. అదే సంస్థవారు 2017 లో ప్రకటించిన ఆహారపదార్థముల పట్టికను ముందిడుకొని మేమొక సామాన్యగృహపు భోజనమును లెక్కవేసితిమి. పచ్చిబరువున ఒకరికి దినమునకు బియ్యము 300 గ్రాములు, కందిపప్పు 50 గ్రాములు, కూరగాయలు 150 గ్రాములు అనుకొందము. పాలిషుపట్టిన బియ్యమున 100 గ్రాములకు పీచు 3 గ్రాములైనను లేదు. 300 గ్రాములకు ఎనిమిదిన్నర. కందిపప్పువలన నాలుగున్నర. కూరలవలన మఱియొక నాలుగున్నర. మొత్తము 18 గ్రాములకు లోపే. కూర అడుగంటిన గృహిణికి ఇంకను తక్కువ.

ఇట్టిచోట దంపుడుబియ్యము మార్చుకొనినచో చాలునని పలువురు తలచుదురు. 1934 లో గాంధీమహాత్ముడు గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి దంపుడుబియ్యమును ప్రచారము చేసినది మొదలు ఆ మాట మన చెవులలో నున్నది. ఆ బియ్యమున విటమినులు హెచ్చుగా నుండుట నిజమే. కాని పీచు మాటకు వచ్చినచో, పొట్టు మాత్రము తీసి తవుడు తీయని ముడిబియ్యమునందును 100 గ్రాములకు నాలుగున్నర గ్రాములే. లాభము లేకపోలేదు, కాని అది స్వల్పము. తెల్లని యన్నమును విడువలేని పెద్దలతో దీనికై పోరాడి ఇంటిలో శాంతిని పోగొట్టుకొనవలదని మా యభిప్రాయము. అంతకంటె సులభమైన మార్గములు కలవు.

జొన్నలలో 100 గ్రాములకు 10 గ్రాములు, రాగులలో 11 గ్రాములు పీచు కలదు. పొట్టుతీసిన పెసరపప్పున 9 గ్రాములుండగా, పొట్టుతో కూడిన పెసలలో 17 గ్రాములు! పొట్టు పోగొట్టుటకు మనము ఎక్కువ వెల యిచ్చుచున్నామన్నమాట. మినుములందును ఇంతే: పొట్టుతో 20 గ్రాములు, పొట్టు లేక 12. కావున బియ్యమును 200 గ్రాములకు తగ్గించి 100 గ్రాముల జొన్నలను రొట్టెగానో, సంకటిగానో చేర్చి, కందిపప్పునకు మాఱుగా 50 గ్రాముల పెసలను వండి, కూరలను 250 గ్రాములకు పెంచినచో పీచు 32 గ్రాములకు చేరును. పెసరట్టు మన యింటి వంటయే గదా. దానికి పొట్టుపెసలే నానబోయుదుము. బీరకాయ చెక్కును పాఱవేయక పచ్చడి చేయుటయు మన యమ్మమ్మలు నేర్పినదే. తోటకూర కాడలతో పులుసు, అరటిదూట కూర, గోరుచిక్కుళ్లు, ఇవి అంగడిలో చౌకగా దొరకునవి. జామపండు 100 గ్రాములలో ఎనిమిదిన్నర గ్రాముల పీచు కలదు; దానిని పిండి వడగట్టి రసము త్రాగువారికి చక్కెరయే మిగులును.

మోటు గింజలను వండుటకు సంకోచించు సోదరీమణులు కలరు. జొన్నయన్నము కూలివారిదనియు, తెల్లని సన్నబియ్యపు అన్నము మర్యాదగలవారిదనియు తలచుట మన ప్రాంతములలో చిరకాలముగా నున్నది. 1983 లో ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము నిచ్చుట ప్రారంభించినపుడు పేదల యిండ్లలో ఆకలి తీఱినది. దానిని తక్కువచేసి మాటలాడుట పాపము. పండుగనాడు మాత్రమే వరియన్నము తినువారు నిత్యము తినజొచ్చిరి. జొన్నయంబలి, రాగిసంకటి వెనుకకు తొలగినవి. ఇప్పుడవి పట్టణములలో అందమైన పొట్లములలో బియ్యమునకు మించిన వెలకు అమ్ముడుపోవుచున్నవి. ఆ పొట్లములను కొనువారికి ఒక హెచ్చరిక: కొఱ్ఱలు, సామలు మొదలగువానిని తెల్లగా కనబడుటకై తవుడు తీసి అమ్ముట కలదు. మిలమిలలాడు సామలు కొనినచో వెలయే పెరుగును గాని పీచు పెరుగదు.

ఇసబ్‌గోలు పొట్టును గూర్చి మఱికొందఱు అడిగిరి. అది నీటిని పీల్చి మలమును మెత్తపఱచును, ఆ పనికి మంచిదే. కాని కడబంతివారు దానిని చాలవఱకు ముట్టరు. అది ఇంచుమించుగా వచ్చినట్లే వెడలిపోవును. ఉల్లి, వెల్లుల్లి, శనగలు, పెసలు, వీనిలోని పీచు వారికి ఇష్టమైన భోజనము. కార్తికమున ఉల్లిని విడుచువారు దిగులుపడనక్కఱలేదు. పప్పుధాన్యములు ఆ లోటు తీర్చును. అన్నము వండి చల్లార్చినచో అందలి పిండిలో కొంత బిగిసి, చిన్నప్రేగునకు లొంగక పెద్దప్రేగునకు పోవును. చద్దన్నమునకు ఆ విధముగా కొంత ఘనత కలదు. కాని ఆ కొంత కొంచెమే. వేసవిలో వండిన యన్నమును గంటలకొలది ఊరకనే విడిచినచో విషక్రిములు పెరుగును గావున త్వరగా చల్లార్చి పెరుగు కలుపుటయో, చల్లని పెట్టెలో నుంచుటయో చేయవలెను.

పెరుగు తినుచున్నాము గదా, పీచుతో పనియేమని అడుగువారికొక మాట. స్టాన్‌ఫర్డునందే 2021 లో 36 మంది ఆరోగ్యవంతులపై 10 వారముల పరీక్ష జరిగినది. పెరుగువంటి పులిసిన పదార్థములను దినమునకు ఆఱు వడ్డనలవఱకు తినినవారిలో లోపలి జీవుల జాతులు పెరిగెను, వాపును సూచించు గుర్తులు తగ్గెను. పీచు పెంచినవారిలో జాతులసంఖ్య ఆ పది వారములలో పెరుగలేదు. పీచును విఱుచు ద్రవ్యములు మాత్రము పెరిగెను. ఇది పీచుపక్షమున వాదించువారికి రుచించు ఫలము కాదు, అయినను దాచుట మా పని కాదు. పది వారములు చాలలేదేమో, లేక పోయిన జాతులు పీచుతోనే తిరిగి రావేమో. పెరుగులోని జీవులలో చాలభాగము వచ్చి పోవు చుట్టములు. ఇంటనున్నవారికి కావలసినది పీచు. మజ్జిగ, జొన్నరొట్టె ఒకే విస్తరిలో నుండుటకు అభ్యంతరమేమియు లేదు.

2019 లో న్యూజిలాండు దేశపు ఆండ్రూ రెనాల్డ్స్ మొదలగువారు ప్రపంచారోగ్యసంస్థకొఱకు 185 దీర్ఘకాలపు పరిశీలనలను, 58 చికిత్సాపరీక్షలను క్రోడీకరించిరి. పీచు మిక్కిలి తక్కువ తినువారికంటె హెచ్చుగా తినువారిలో గుండెజబ్బు, మధుమేహము, పెద్దప్రేగు క్యాన్సరు, వీనిచే కలుగు బాధయు మరణములును నూటికి 15 మొదలు 30 పాళ్లవఱకు తక్కువగా నుండెను. దినమునకు 25 నుండి 29 గ్రాములు తినువారికి ఈ మేలు స్పష్టముగా కనబడెను.

ఈ వ్యాసము చదివి రేపే ఇంటిల్లిపాదికి శనగలు, జొన్నలు కుమ్మరింపవలదు. చాలకాలము పస్తున్న బంతికి ఒక్కసారి విందుపెట్టినచో కడుపు ఉబ్బును, వాయువు బాధించును. దానితో ఇంటివారు "మాకీ గడ్డి వద్దు" అందురు. వారమునకొక మార్పు చాలును. మొదటి వారమున పొట్టుపెసలు, రెండవ వారమున కూర పెంచుట, మూడవ వారమున రాత్రికి జొన్నరొట్టె. నీరు హెచ్చుగా త్రాగవలెను, ఇసబ్‌గోలు తీసికొనువారు మఱి హెచ్చుగా. గింజలను రాత్రి నానబెట్టి ఆ నీటిని పాఱబోసి వండినచో వాయువు కొంత తగ్గును. ప్రేగులకు శస్త్రచికిత్స జరిగినవారు, ప్రేగు ఇఱుకైనదని వైద్యులు చెప్పినవారు, నిత్యము కడుపునొప్పి, విరేచనములు కలవారు తమ వైద్యుని అడుగకుండ పీచు పెంచరాదు. దంతములు లేని పెద్దలకు జొన్నలను మెత్తని యంబలిగా కాచి, చల్లాఱిన పిమ్మట మజ్జిగ కలిపి యిచ్చినచో సుఖముగా త్రాగుదురు.